పళ్లెంలో మిగిలిన ముద్ద

డాక్టర్ వసుంధర రెండు తొట్లు పక్కపక్కన పెట్టించింది. రెండింట్లోనూ ఒకే తల్లి పిల్లలు, ఒకే రోజు గుడ్డులోంచి వచ్చినవి, ఒకే మేత తిన్నవి. ఇరవయ్యో రోజుకి ఎడమ తొట్టిలో రొయ్యలు చీపురుపుల్ల మందాన ఉన్నాయి. కుడి తొట్టిలోవి నా వేలంత ఉన్నాయి.

"చెయ్యి పెట్టి చూడండి, భద్రంగారూ," అంది.

పెట్టాను. పెంకు గట్టిగా ఉంది, కండ నిండుగా ఉంది. ముప్పై ఏళ్లుగా భీమవరం చుట్టుపక్కల రొయ్యలు కొని అమ్ముతున్నవాణ్ణి. కిలోకి ఎన్ని తూగుతాయో చేతికే తెలుస్తుంది. దాన్నే మేం కౌంట్ అంటాం. "ఎనభై కౌంట్," అన్నాను. తూకం వేస్తే ఎనభై రెండు వచ్చింది. మామూలుగా ఆ కౌంట్ రావడానికి రెండు నెలలు పడుతుంది.

"రొయ్య పెరగాలంటే పాత పెంకు విడవాలి. ఎప్పుడు విడవాలో ఒంట్లో ఒక గడియారం చెబుతుంది. కుడి తొట్టిలో వేసిన మందు ఆ ముల్లుని ముందుకి తోస్తుంది. ముప్పై నాలుగో రోజుకి వల వేసి పట్టుబడి చేసుకోవచ్చు," అంది వసుంధర.

"నలభై దాటితే?"

ఆవిడ మూలనున్న మూడో తొట్టి మీద గుడ్డ తీసింది. రొయ్యలు పక్కకి ఒరిగి ఉన్నాయి. కాళ్లు ఊడిపోతున్నాయి, కండ పాలిపోయింది. "ఇవి నలభై రెండో రోజు. రోగమేమీ లేదు. వయసైపోయింది."

"ముప్పై నాలుగో రోజుకి ఐస్‌లో ఉండే జీవికి ముసలితనంతో పనేంటమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పేరుపాలెం ఒడ్డున ఆ ప్రయోగశాల షెడ్డు నాది, కరెంటు నాది, ఆవిడ జీతం నాది. అయినా నేను చెప్పినదానికి నవ్వాలని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

"ఎదుగుదల అయిపోయిన ఒంటికి ఇది ఏమీ చెయ్యదు. మీరూ నేనూ తిన్నా పరవాలేదు. కడుపులో ఉన్న బిడ్డ సంగతే తెలియదు. చూడి ఎలుకలకి తినిపించి చూడాలి. ఎనిమిది నెలలు ఆగండి."

ఎనిమిది నెలలంటే ఏడు పంటలు. ఆవిడ నెలలు చెప్పింది, నాకు పంటలు వినపడ్డాయి.

"అయితే మన దేశంలో అమ్మం. మొత్తం ఓడెక్కిస్తాం," అన్నాను. ఓడెక్కిన సరుకు ఎవరి కడుపులోకి పోతుందో అమ్మినవాడు చూడడు. ఆవిడ తల ఊపింది. ఆ ఊపులో ఆవిడ వాటా ఆవిడకి ఉంది. నా వాటా నాది.

మందుకి త్వరితం అని పేరు పెట్టాం. మొదటి నాలుగు నెలలు అన్న మాట ప్రకారమే నడిచింది. తరవాత ఒక ఓడ వెనక్కి వచ్చింది. కారణం రాయలేదు, సరుకు వద్దన్నారు, అంతే. అరవై టన్నులు పారబొయ్యమనే వాళ్లు వ్యాపారం చేసి ఎరగనివాళ్లు. తాడేపల్లిగూడెం, రాజమండ్రి, హైదరాబాదు బజార్లలోకి పంపాను. ఓడెక్కడం కన్నా ఇదే సుఖంగా ఉంది. అప్పట్నుంచి సగం సరుకు ఇక్కడే అమ్మాను.

ఒక మధ్యాహ్నం వసుంధర ఫోన్ చేసింది. "ఎలుకల పిల్లలు పుట్టాయండి. వారానికే కళ్లు తెరిచాయి. మూడో వారానికి ఈడుకొచ్చాయి. రెండో నెలలో ముసలివై చచ్చిపోయాయి. అన్నీ అంతే. ఒక్కటి కూడా మిగల్లేదు. అమ్మకం ఆపెయ్యండి."

"గిడ్డంగిలో ఇంకా సరుకుంది."

"ఆపెయ్యండి, భద్రంగారూ!"

"కొత్త పంట వెయ్యను. ఉన్నది పోనీ," అన్నాను. తొమ్మిది రోజుల్లో పోయింది.

ఇంత తెలిసీ ఎలా నిద్రపట్టిందని అడిగేవాళ్లుంటారు. సుబ్బరంగా పట్టింది. మా ఇంట్లో నీచు లేదు. మా నాన్న కాలం నుంచీ కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. రొయ్యల వ్యాపారంలో మునిగి తేలే నేను సాయంత్రం పెరట్లో స్నానం చేస్తే గానీ వంటింట్లో అడుగు పెట్టను. అప్పుడు మా అమ్మాయి హైమకి ఎనిమిదో నెల. ఓడలో ఇంజనీరుగా పనిచేసే అల్లుడు ఏడాదికి రెండు నెలలే ఇంట్లో ఉంటాడు కనక నా దగ్గరే ఉంది. పప్పూ, నెయ్యీ, గుమ్మడికాయ పులుసూ తింటోంది. ఊళ్లో ఎన్ని ఇళ్లున్నా మా ఇల్లు మాత్రం ఆ లెక్కలో లేదని నా ధైర్యం.

మనవరాలు పుట్టింది. నోట్లో రెండు పళ్లున్నాయి.

నర్సు, "అరుదుగా ఇలా పుడతారండి, మంచిదే," అంది. నేను మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నర్సు వెళ్లేదాకా ఆగాను.

"హైమా, నీచు తిన్నావా?"

అది మొహం పక్కకి తిప్పుకుంది.

"ఎక్కడ తిన్నావు?"

"సలోమి తెచ్చేది, నాన్నా. ఆరో నెలలో... ఒకటే కోరిక పుట్టింది. వాళ్లింట్లో వాసన వస్తుంటే నోరూరిపోయేది. రొయ్యల ఇగురు. గిన్నెలో పెట్టి, పైన అరటాకు కప్పి తెచ్చేది. తనూ కడుపుతోనే ఉంది కదా, ఇద్దరం పెరట్లో కూచుని తినేవాళ్లం. అమ్మకి చెప్పకండి."

సలోమి నా చెరువుల మీద మేత వేసే దావీదు పెళ్లాం. హైమా అదీ చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు. పట్టుబడి రోజున పనివాళ్లకి తలా ఒక కిలో కూరకి ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. కూలి పెంచమని అడిగినప్పుడల్లా నేను ఆ కిలోని కిలోన్నర చేశాను. పోయే సరుకే కదా అని.

దావీదుకి కూతురు పుట్టింది. పదిహేను రోజులు చిన్నది. రూతు అని పేరు పెట్టారు. దానికీ నోట్లో పళ్లున్నాయి.

హైమ నీచు తిన్న పాపమే తన బిడ్డకి తగిలిందని ఏడ్చింది. నేను ఎలుకల సంగతి చెప్పలేదు.

మా పిల్లకి తరళ అని పేరు పెట్టాం. మూడో నెలలో నడిచింది. ఆరో నెలలో మెట్లెక్కి దిగింది. శరీరం ఏడాదికి ఎనిమిదేళ్లు పరుగెత్తింది. మాటలు మాత్రం వాటి దారిన అవి నెమ్మదిగా వచ్చాయి. గోళ్లు రోజూ కత్తిరించాలి. గౌన్లు నెలకోసారి మారాలి. ఆకలి చెప్పనక్కర్లేదు, పొద్దున్నే ఆరు ఇడ్లీలు తిని గంటకే "అన్నం" అనేది. నాలుగు జిల్లాల్లో ఇలాంటి పిల్లలు వేలల్లో తేలారు. జనం వాళ్లకి తొందరపిల్లలు అని పేరు పెట్టారు. త్వరితాన్ని ప్రభుత్వం నిషేధించింది. మందు గుట్టు బయటికి పొక్కి, అది వాడిన చెరువులు అప్పటికి వందల్లో ఉన్నాయి, అందులో నావి ఏవో ఎవరికీ పట్టలేదు.

తరళకి పద్నాలుగు నెలలప్పుడు చూస్తే తొమ్మిదేళ్ల పిల్ల. అప్పుడు వసుంధర కబురు పెట్టింది.

వెళ్లేసరికి ఆవిడ జుట్టు సగం నెరిసి ఉంది. ఫ్రిజ్‌లోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ముల్లుని వెనక్కి తిప్పలేను. మామూలు నడకలో పెట్టగలను. ఎలుకల్లో పనిచేసింది. కానీ ఒక షరతు. నోట్లో ఒక్క పాలపన్నయినా మిగిలి ఉండాలి. ఆఖరి పాలపన్ను రాలాక ఇచ్చినా నీళ్లతో సమానం."

"తరళకి రెండున్నాయి."

"తెలుసు. ఇంకో విడత తయారుకావడానికి ఏడాది పడుతుంది. ఇప్పటికి ఇవి రెండే. ఒకటి మీ ఇంటికి, ఒకటి దావీదు ఇంటికి. ఇద్దరికీ ఒకే రోజున ఇద్దాం. ఫలితం తెలియడానికి పదిహేను రోజులు."

"రెండు చెరువుల్లో ఒకేసారి కొత్త మందు వేస్తామా, డాక్టరమ్మా?"

"వీళ్లు చెరువులు కారు."

"ముందు ఒక దాంట్లో వేసి మూడు రోజులు చూడందే రెండోదాంట్లో వెయ్యం. మూడు రోజుల్లో మంచైనా చెడైనా చెరువు చెబుతుంది."

"నేను పదిహేను రోజులంటున్నాను."

"ముందు రూతుకి ఇవ్వండి," అన్నాను. "రెండో సీసా నా దగ్గర ఉంటుంది."

ఆవిడ ఒక సీసా ఐస్ డబ్బాలో పెట్టి నాకిచ్చింది. షెడ్డు ఎవరిదో ఆవిడకి గుర్తుంది.

దావీదుని చెరువు గట్టు మీదే కలిశాను. మేత బస్తా భుజం మీదనుంచి దించి నిలబడ్డాడు.

"మందొచ్చింది, దావీదూ. ముందు మీ పిల్లకే ఇద్దామని చెప్పాను."

"ఆయ్... మా పిల్లకాండీ? మరి పాపగారికండీ?"

"తరవాత చూద్దాం. మీ పిల్లదే ముందు."

దావీదు కింద కూచుండిపోయాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఏ దొర చేత్తాడండీ ఇలాగ? మా సలోమికి చెబితే నమ్మదండీ బాబూ," అన్నాడు. నేను నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూస్తూ నిలబడ్డాను.

వసుంధర మంగళవారం పొద్దున రూతుకి సూది వేసింది. నేను రోజూ వాళ్లింటికి వెళ్లాను. మొదటి రోజు జ్వరం. రెండో రోజు జ్వరం తగ్గింది, కానీ పిల్ల మంచం దిగలేదు. సలోమి పిల్ల గోళ్లు కత్తిరించి చూపించింది. "ఎప్పట్లాగే పెరిగాయండి. ఏమీ తేడా లేదండి," అంది.

మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి రూతు భోజనం చేస్తోంది. అంతకుముందు గిన్నెడన్నం తిని ఇంకా పెట్టమని ఏడ్చే పిల్ల. నాలుగు ముద్దలు తిని పళ్లెం తోసేసింది. చేపల పులుసు కలిపిన అన్నం అలాగే ఉంది.

"తినవే, అయ్యగారు చూత్తన్నారు," అంది సలోమి.

"చాలు," అంది రూతు.

రొయ్యలు పెంచేవాడికి నీటి అడుగున ఏం జరుగుతోందో కనపడదు. అందుకని చెరువులో తాళ్లకి కట్టి పళ్లేలు దించుతాం. చెక్ ట్రేలంటాం. వాటిలో పిడికెడు మేత వేసి రెండు గంటలాగి పైకి లాగుతాం. ట్రే ఖాళీగా వస్తే చెరువు బాగున్నట్టు. మేత మిగిలిందంటే కింద రోగం మొదలైందన్నమాట. అది చూశాక మంచి రైతు ఒక్క పూట కూడా ఆగడు. తెల్లారేలోపు పట్టుబడి పట్టి, సంగతి పక్కవాడికి తెలియకముందే సరుకు తోలేస్తాడు. ముప్పై ఏళ్లలో నన్ను నిలబెట్టింది డబ్బూ కాదు, దేవుడూ కాదు. మిగిలిన మేతను ఒప్పుకునే కళ్లు.

ఆ పళ్లెం చూశాను. మందు పోయిందనుకున్నాను.

వీధి మలుపు తిరక్కముందే ఏం చెయ్యాలో తేలిపోయింది. చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రి తొందరపిల్లల కోసం వేరే వైద్యం మొదలుపెడుతోంది. పన్నెండు మందికే చోటు. తరళది పదమూడో నంబరు. పన్నెండో నంబరు అమలాపురం ముక్తేశ్వరరావుగారి కూతురు జాహ్నవి. ఆయనకి అక్కడ ఒక సినిమా హాలు ఉంది. పిల్లకి ఒక్క పాలపన్నే మిగిలింది, అదీ ఊగుతోంది. చెన్నై వైద్యానికి ఇంకా ఎనిమిది రోజులుంది. తొందరలో ఉన్న మనిషి సరుకు మూత తీసి చూడడు.

డబ్బా తీసుకుని సాయంత్రానికల్లా అమలాపురం చేరాను.

"ఇది ఒకటే ఉందంటున్నారు. మరి మీ మనవరాలికో?" అన్నాడాయన.

"మా దానికి రెండు పళ్లున్నాయి, ఆగగలం. మీ అమ్మాయికి ఆగే వ్యవధి లేదు. మీ చోటు మాకు వదిలెయ్యండి, చాలు."

"పనిచేస్తుందంటారా?"

"మా దావీదు పిల్లకి మూడు రోజుల కిందటే ఇచ్చాం," అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన కళ్లనీళ్లతో, చోటు వదిలేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు. భార్యని పిలిచి నా కాళ్లకి దండం పెట్టించాడు. తిరిగొస్తూ రావులపాలెంలో ఆగి టీ తాగాను. చచ్చిన చెరువుని బతికున్న చెరువు ధరకి తోలిన రోజు ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

ఇంట్లో చెప్పాను, ఐస్ డబ్బా పాడై మందు చెడిపోయిందని. హైమ గోడకి ఆనుకుని కూచుంది. "అయినా చెన్నైలో చోటు దొరికింది, వచ్చేవారం ప్రయాణం, లే, బట్టలు సర్దు," అన్నాను.

చెన్నైలో రోజూ ఏదో ఎక్కించేవాళ్లు. తరళ సూదికి ఏడ్చేది కాదు. పక్క మంచాల పిల్లల తిండి కూడా తినేది. అక్కడికి వెళ్లిన నాలుగో రోజున ఒక పన్ను ఊడింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "తాతా, ఇంకోటి ఉంది," అని నోరు తెరిచి చూపించింది.

ఆరో రోజున వసుంధర ఫోన్.

"రూతు గోళ్లు ఆగిపోయాయండి! వారం నుంచి కత్తిరించలేదట. ఆకలి మూడో రోజు నుంచే మామూలైందిట, నాకిప్పుడు చెప్పారు. అదే మొదటి గుర్తు. పెరుగుదల తగ్గింది కనక ఆకలి తగ్గింది. తరళకి వెంటనే వేసేద్దాం. సీసా ఎక్కడుంది?"

నేను వార్డు బయట నీళ్ల కుళాయి దగ్గర నిలబడి ఉన్నాను.

"భద్రంగారూ? సీసా?"

అమలాపురం ఫోన్ చేశాను. ముక్తేశ్వరరావుగారు ఆనందంగా ఎత్తాడు. "ఆ రాత్రే వేయించేశామండి. మీరు మా ఇంటి దేవుడు," అన్నాడు. పెట్టేశాను.

మర్నాడు పొద్దున తరళ ఇడ్లీ కొరుకుతుంటే ఆఖరి పన్ను ఊడి పళ్లెంలో పడింది. చెన్నై వైద్యం పన్నెండు మందిలో ఎవరికీ ఏమీ చెయ్యలేదు. మూడు వారాలు చూసి పంపించేశారు.

నాలుగేళ్లయింది. వసుంధర రెండో విడత తయారు చేసేసరికి ఆ మందుకి పనికొచ్చే పిల్లలు నూటికి పదిమందే మిగిలారు. నేనిప్పుడు వ్యాపారం తగ్గించాను. ఇంట్లో తరళ ఉంది. ఐదేళ్లు దాటాయి. కణతల దగ్గర జుట్టు నెరిసింది. మోకాళ్లు నొప్పి అంటుంది. రెండో తరగతి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూడబలుక్కుని చదువుతుంది, కళ్లజోడు పెట్టుకుని. హైమకి ముప్పై రెండు. ఇద్దరూ వీధిలో నడిస్తే తెలియనివాళ్లు తరళనే తల్లి అనుకుంటారు. రూతు పేట నుంచి సైకిలు తొక్కుకుంటూ మా గేటు ముందునుంచి పోతుంటుంది. హైమ అప్పుడు లోపలికి వెళ్లిపోతుంది. పాడైన ఐస్ డబ్బాని తిట్టుకుంటుంది. దాన్ని అమ్మిన కొట్టువాడి వంశాన్ని తిట్టుకుంటుంది. నేను వింటూ ఉంటాను.

మొన్న ఆదివారం గేటు ముందు కారు ఆగింది. ముక్తేశ్వరరావుగారు దిగాడు. చేతిలో పూతరేకుల పెట్టె. వెనక పదమూడేళ్ల పిల్లలా జాహ్నవి. నేను లేచి ఎదురువెళ్లి వీధిలోంచే పంపించెయ్యాలనుకున్నాను. అప్పటికే హైమ, "రండి, రండి," అంటూ బయటికి వచ్చేసింది.

"నువ్వేనామ్మా హైమవతివి? నీకు మొహం చూపించలేక ఇన్నేళ్లూ రాలేదు తల్లీ," అన్నాడాయన, పెట్టె బల్ల మీద పెట్టి చేతులు జోడించి. "మీ నాన్నగారిది మనిషి గుండె కాదు. సొంత మనవరాలి మందు తీసుకొచ్చి నా బిడ్డకిచ్చాడు. మా పిల్లకి ఒక్క పన్నుందని, మీ పాప ఆగగలదని... ఎవరిస్తారమ్మా అలాగ?"

హైమ చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. అది ఒలకలేదు. నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"మందు చెడిపోయిందన్నారు కదా, నాన్నా."

నేను కుర్చీ ముక్తేశ్వరరావుగారి వైపు జరిపాను.

"ఎప్పుడిచ్చారు? రూతుకి వేసిన ఎన్నో రోజున?"

"మూడో రోజునమ్మా," అన్నాడు ముక్తేశ్వరరావుగారు, నా తరపున.

హైమ నా వైపు రెండడుగులు వేసింది. దాని మొహంలో ఏడుపు లేదు. బేరం ఆడేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అద్దంలో నేనెప్పుడూ చూసుకోలేదు. అప్పుడు చూశాను.

"ఒకటే అడుగుతాను. అది పనిచేస్తుందని తెలిస్తే ఇచ్చేవారా?"

ఔనంటే కూతురు ముందు నేను తరళని ఇచ్చేసినవాణ్ణి. కాదంటే చేతులు జోడించుకుని నిలబడ్డ ఆ మనిషికి చచ్చిన సరుకు అంటగట్టినవాణ్ణి. ఏ ధర చెప్పినా మునిగే బేరం. జీవితంలో మొదటిసారి నా నోట ధర రాలేదు.

తరళ అరుగు మీద తన పుస్తకం మూసింది. మోకాలు పట్టుకుని మెల్లిగా లేచి, వచ్చి నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. నన్ను ఎవరో ఊరికే తిడుతున్నారనుకుంది. నన్ను కాపాడాలనుకుంది.

"తెలిస్తే ఇచ్చేవాడు కాదమ్మా," అంది. "తాతకి నేనంటే ఇష్టం."

ముక్తేశ్వరరావుగారి జోడించిన చేతులు విడిపోయాయి. నన్ను చూశాడు. తరవాత తరళ నెరిసిన జుట్టుని చూశాడు. జాహ్నవి భుజం మీద చెయ్యి వేసి, దాన్ని నాకు దూరంగా, తన అవతలి పక్కకి జరుపుకున్నాడు.